ఎవరి చేతి అతుకు

ఏప్రిల్ 3

ఈరోజుతో అరవై మంది ఫిల్ములూ అయిపోయాయి. కిటికీలకు నల్లగుడ్డ కట్టుకుని, వారం రోజులుగా ఎన్నడూ చూడని దేశపు ఇనుమును చూస్తూ కూర్చున్నాను. బయట కర్నూలు సి.క్యాంపు రోడ్డు మీద తారు కరుగుతోంది. లోపల, తెర మీద, నాకు ఒకటే మబ్బులు.

మనిషి ఛాతీకి తీసినట్టే ఇనుప పైపుల అతుకులకూ ఎక్స్‌రే తీస్తారని అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా నవ్వుతుంది. ఇనుముకు కూడా రోగమా అంటుంది. అతుకు తెల్లగా, ఎండిన ఏటి మధ్య సన్నటి పాయలాగా కనిపిస్తుంది. లోపల గాలి చిక్కుకుని ఉంటే నల్లచుక్కలు. మడ్డి మిగిలితే నల్లమరక. పగులైతే వెంట్రుక మందాన ఒక గీత. ఏ తప్పూ లేకపోతే ఒట్టి తెలుపు, తెల్లవారుజామున తుంగభద్ర మీద లేచే మంచు. అలాంటివి చూస్తున్నప్పుడు పని చేస్తున్నట్టు ఉండదు. నేనే ఆ తెలుపులో చెప్పుల్లేకుండా నడిచి పోతున్నట్టు ఉంటుంది.

ఆఫ్రికాలో సముద్రం ఒడ్డున ఒక రిఫైనరీ కడుతున్నారు. దానికి పైపులు అతికే పనికి ఆ దేశపు వెల్డర్లు అరవై మంది పరీక్షకు కూర్చున్నారు. పేర్లు లేవు, నంబర్లే. నలభై మూడు మంది పాస్, పదిహేడు మంది ఫెయిల్. సాయంత్రం మా ఆఫీసు ఓనరు ఉమామహేశ్ సార్‌కు పంపేశాను.

ఇరవై ఏడో నంబరు దగ్గర మాత్రం పని ఆపి చాలాసేపు ఊరికే ఉండిపోయాను. పుట్టి ఇంత బుద్ధి ఎరిగినాక అంత శుభ్రమైన అతుకు చూడలేదు.

ఏప్రిల్ 5

ఆ ఫిల్ములు తీసిన మనిషి ఫోన్ చేసింది. మగవాడు అనుకున్నాను ఇన్నాళ్ళూ. పేరు గ్రేస్. నా పేరుకు అర్థం ఏమిటని అడిగింది. కృపారాణి అంటే నువ్వే, నీ పేరుకు వెనకాల రాణి తగిలించారు అని చెప్పాను. చాలాసేపు నవ్వింది. ఎంతమంది పాసయ్యారంటే నలభై మూడు అని చెప్పాను. వెనక వాన చప్పుడు వినిపిస్తోంది. ఎన్ని నెలలైంది ఆ చప్పుడు విని. ఫోన్ పెట్టేయబుద్ధి కాలేదు.

వాళ్ళ కాళ్ళ కింద నూనె ఉందట. తోడిన నూనె ఓడల్లో బయటికి పోతుందట, పెట్రోలై మళ్ళీ ఓడల్లో వాళ్ళకే వస్తుందట. తను పొద్దున నాలుగు గంటలు డబ్బా పట్టుకుని బంకు ముందు నిలబడి వచ్చిందట. చెప్పేటప్పుడు గొంతులో కోపం లేదు. అలవాటైపోయిన మాటలాగా చెప్పింది.

మాకూ పక్కనే కాలవ పోతుంది, నీళ్ళు ట్యాంకరులో వస్తాయి అన్నాను. మా కోసిగి సంగతి. ఆమెకు అర్థమైందో లేదో.

ఏప్రిల్ 8

ఉమామహేశ్ సార్ రమ్మంటే నంద్యాల చెక్‌పోస్టు దగ్గర ఆఫీసుకు పోయాను. పైన మా పరీక్షల విభాగం, కింద మనుషుల్ని విదేశాలకు పంపే విభాగం. మెట్ల మీద మనుషులు పాస్‌పోర్టు కవర్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆదోని మాట, కోడుమూరు మాట, మా కోసిగి మాట కలగలిసి వినిపిస్తోంది. పక్కకు జరిగి నాకు దారి ఇచ్చారు.

సార్ మర్యాదస్తుడు. ఆత్మకూరులో చిన్న ఎరువుల కొట్టు నుంచి ఇంతదాకా వచ్చాడు. చెన్నైలో ఎనిమిదేళ్ళు చేసి నేను కర్నూలుకు తిరిగి వచ్చినప్పుడు, ఆడమనిషి ఫిల్ములు చదవడమేమిటని అనకుండా పని ఇచ్చినవాడు ఆయన ఒక్కడే.

"మళ్ళా ఒకసారి చూడమ్మా. వారం దినాలు చీకట్లో కూసున్నావు, కండ్లు అలిసింటాయి. రేపు ఆడ యాదన్నా పేలితే సచ్చేది వాళ్ళు. సంతకం నీది" అన్నాడు.

నిజమే అనిపించింది. నలభై మూడు అంటే ఎక్కువే. అనుమానం ఉన్నవి తీసేయడమే భద్రం.

వచ్చేటప్పుడు మెట్ల దగ్గర గోడమీద ఆఫ్రికా పనికి పోయే వెల్డర్ల జాబితా చూశాను. మా తమ్ముడు ఏసేపు పేరు ఉంది. పోయిన నెలే షెడ్డులో పరీక్ష ఇచ్చి పాసయ్యాడు వాడు. అది వేరే సంగతి. దానికీ నా ఫిల్ములకూ సంబంధం లేదు.

ఏప్రిల్ 9

మళ్ళీ చూస్తున్నాను. రెండోసారి చూస్తే మబ్బులు మొదటిసారిలాగా ఉండవు. తేటగా ఉన్నచోట కూడా ఏదో నీడ కదులుతుంది. ఒకటి పెద్దది చేసి చూశాను. ఇంకా పెద్దది చేశాను. అంత పెద్దది చేస్తే ఎవరి అతుకులోనైనా ఏదో ఒకటి దొరుకుతుంది.

అనుమానం ఉంటే తీసేయాలి. ఈ రూలు నేను పెట్టింది కాదు.

ఏప్రిల్ 10

ఇరవై ఒకటి పాస్. ముప్పై తొమ్మిది ఫెయిల్. పంపేశాను. ముందుగా చూసిన లెక్క మాత్రమే ఇది. సంతకం పెట్టిన అసలు రిపోర్టు నెలాఖరుకు ఇవ్వాలి.

సార్ ఫోన్ చేసి, మంచి పని చేసినావమ్మా అన్నాడు. మామూలుగా ఆయన ఆ మాట అనడు.

ఏప్రిల్ 11

నిద్ర బాగా పట్టింది.

ఏప్రిల్ 12

మధ్యాహ్నం కునుకు తీస్తే కల. మా కోసిగిలో ట్యాంకరు దగ్గర అందరూ వరసలో ఉన్నారు. చేతుల్లో బిందెలు కావు, పసుపు పచ్చ డబ్బాలు. అమ్మ ముందు ఒక పొడుగాటి నల్లామె నిలబడి ఉంది. ఇద్దరూ ఏ భాషలోనో మాట్లాడుకుంటున్నారు, నాకు తప్ప అందరికీ అర్థమవుతోంది. ట్యాంకరు పైపులోంచి మంచు వస్తోంది. తెల్లగా, నెమ్మదిగా, అందరి కాళ్ళనూ కప్పేస్తూ.

లేచేసరికి కరెంటు లేదు. ఒళ్ళంతా చెమట.

ఏప్రిల్ 15

గ్రేస్ పెద్ద మెసేజ్ పెట్టింది. మూడుసార్లు చదివాను.

వాళ్ళ దేశంలో ఒక కట్టుబాటు ఉందట. పరీక్షకు కూర్చున్న స్థానికుల్లో సగం మంది, అంటే ముప్పై మంది, పాసయితే పని వాళ్ళకే ఇవ్వాలి. మిగిలిన పనికే బయటివాళ్ళు. ముప్పైకి తగ్గితే, ఇక్కడ పని వచ్చినవాళ్ళు లేరని రాసి, కాంట్రాక్టరు ఎంతమందినైనా బయటినుంచి తెచ్చుకోవచ్చు. మూడు వందల మంది ఇండియా నుంచి వస్తున్నారని సైటులో అప్పుడే చెప్పుకుంటున్నారట. మొదటిసారి నువ్వు నలభై మూడు అన్నావు, వారంలో ఇరవై ఒకటి ఎలా అయింది అని అడిగింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

తర్వాత వాళ్ళ నాన్న గురించి రాసింది. ఆమె పుట్టకముందే అక్కడ ఒక రిఫైనరీ కట్టారట. కట్టింది బయటివాళ్ళు, నడిపింది బయటివాళ్ళు. ఒకరోజు ఏదో చెడిపోయింది. బాగుచేయాల్సినవాళ్ళు విమానమెక్కి వెళ్ళిపోయారు. నక్షాలు ఎవరికీ రాని భాషలో ఉన్నాయి. వాళ్ళ నాన్న అక్కడ వాచ్‌మన్. ఆగిపోయిన రిఫైనరీకి ఇరవై రెండేళ్ళు కాపలా కాశాడట. ఈరోజో రేపో మొదలవుతుందని ప్రతి సోమవారం గేటు బందులకు నూనె రాసేవాడట.

చివర్న ఒక్క మాట అడిగింది: ఇరవై ఏడో నంబరులో నీకు ఏం కనిపించింది? అతను పదిహేనేళ్ళుగా పడవలకూ పైపులకూ అతుకులు వేస్తున్నాడు, మిగతావాళ్ళలో సగం మందికి నేర్పింది అతనే.

ఏప్రిల్ 16

ఇరవై ఏడు తెరిచాను. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా చూశాను.

ఏమీ లేదు. మంచు.

తొమ్మిదో తారీఖున దాని పక్కన నేను రాసిన మాట: నీడ, అనుమానం. ఎక్కడ నీడ? నా చేతిరాతే. ఆ రోజు ఏం చూశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

ఏప్రిల్ 18

గుడ్ ఫ్రైడే. ఎమ్మిగనూరు మీదుగా కోసిగి బస్సు. ఎమ్మిగనూరు దాటాక అంతా ఎర్రమన్నే, మధ్యలో ఎక్కడో ఒక పచ్చ మడి కనిపిస్తే కన్ను దాన్ని వదలదు. సీటుకు తల ఆనించి అరమోడ్పు కళ్ళతో చూస్తే పొలాలు కూడా ఫిల్ముల్లాగానే కనిపించాయి. గట్లన్నీ అతుకులు. ఎవరు వేశారో వీటిని. అందులో ఎన్ని మా నాన్న కూలికి వేసి ఉంటాడో. ఏ పొలమూ మాది కాదు.

ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. పని చూసుకోవాలి కదా.

ఏప్రిల్ 20

ఈస్టరు. ఆరాధన అయినాక ఆఫ్రికాకు పోయేవాళ్ళకోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారు. కోసిగి నుంచి పద్దెనిమిది మంది. అందరూ ముందుకు వచ్చి మోకరించారు. మా ఏసేపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, మెడ వెనక ఎండకు కమిలిన నలుపు. ప్రతి ఏడూ వీళ్ళు పోతూనే ఉంటారు. పత్తికి, మిరపకు, బెంగళూరు కాంక్రీటుకు. పోయేటప్పుడు ఇంతవరకూ ఎవరూ ఇలా ప్రార్థన చేసింది లేదు. ఈసారి వెల్డర్లుగా పోతున్నారు, పాస్‌పోర్టుతో పోతున్నారు. అందుకే.

మరదలు ప్రసన్నకుమారి చక్రాల పెట్టె కొన్నది. పిల్లలు దాన్ని వీధి చివరిదాకా తోసుకుపోయి తెస్తున్నారు.

లాజరు మామ నా చేయి పట్టుకుని, నువ్వు ఆ ఆఫీసులో ఉండబట్టే మా పిల్లోండ్లకు దారి దొరికిందని అన్నాడు. అలాంటిదేమీ లేదు అన్నాను. వినయం అనుకున్నాడు.

ఏప్రిల్ 21

ఈరోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

మధ్యాహ్నం రేకుల కింద నీడలో కూర్చుని ఏసేపుకు నా పని చూపిస్తానన్నాను. ఊరికే చూపించాలనుకున్నాను. వాడు పదేళ్ళుగా అతుకులు వేస్తున్నాడు కానీ లోపలినుంచి ఎప్పుడూ చూడలేదు. వాడి చూపుడు వేలు తెర మీద అతుకు వెంబడే పోయింది, నేను చెప్పకముందే. ఇక్కడ చేయి వణికింది, ఇక్కడ కడ్డీ అయిపోయి ఇంకొకటి పట్టుకున్నాడు అంటూ. అన్నీ సరిగ్గా చెప్పాడు. నాకు గర్వంగా అనిపించింది. తర్వాత ఇరవై ఏడు తెరిచాను. ఎందుకు తెరిచానో తెలియదని రాయబోయాను. తెలుసు.

వాడు చూశాడు. తెరకు ముఖం దగ్గరగా పెట్టి మళ్ళీ చూశాడు.

"ఈ చేయి బాగుండాది అక్కా. యాడా ఆగల్యా, యాడా తొందర పడల్యా. ఇట్ల ఏసేటోళ్ళు మా షెడ్డులో ఇద్దరుంటారేమో, అంతే" అన్నాడు. తర్వాత, "పాసయినాడు గదా?" అన్నాడు.

నేను తెర మూసేశాను. వాడు నా ముఖం చూశాడు. అప్పుడు మొత్తం చెప్పాను. ముప్పై సంగతి, నలభై మూడు, ఇరవై ఒకటి, సార్ మళ్ళీ చూడమన్నది, మళ్ళీ చూసింది.

ఏసేపు లేచి లోపలికి పోయి ఇనుప ముక్క ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. గుర్రపు నాడాలాగా వంచిన పలక. అమ్మ ఇన్నాళ్ళూ దాన్ని ఊరగాయ జాడీ మీద బరువుగా పెట్టుకుంటోంది. అదేమిటో నేనెప్పుడూ అడగలేదు.

ఎర్రగుంట్ల అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీ కట్టేటప్పుడు వాడు పరీక్షకు పోయాడు, పంతొమ్మిదేళ్ళప్పుడు. భూములిచ్చిన ఊళ్ళవాళ్ళు, మన జిల్లాలవాళ్ళు కలిసి నలభై మంది పోయారట. అతుకు వేసిన పలకను మధ్యకు వంచి చూస్తారు. పగిలితే ఫెయిల్. వాడిది పగల్లేదు. అయినా ఫెయిల్ అని రాశారు. నలభై మందినీ అలాగే రాసి, కాంట్రాక్టరు తన మనుషుల్ని రైలులో దింపుకున్నాడు. రాసిన ఇన్‌స్పెక్టరు సాయంత్రం గేటు దగ్గరికి వచ్చి, నీ అతుకు బాగుంది తమ్ముడూ అని ఈ ముక్కను వాడి చేతికి ఇచ్చి పోయాడట.

"ఆ మనిషిని పదేండ్లు తిట్టుకున్న్యా నేను. మాకు పని రాదన్నందుకు గాదు. బాగుందని తెల్సి గూడా రాసినందుకు. ఇప్పుడు నిన్ను..." అని ఆగిపోయాడు.

కొట్టంలో మేకలు కదులుతున్నాయి. ఎండ తెల్లగా, అన్నిటినీ చెరిపేస్తూ ఉంది. నేనేం చేయాలో చెప్పరా అని అడిగాను. సిగ్గులేకుండా అడిగాను, మా ఇద్దరిలో పెద్దదాన్ని నేనే అయినా.

"నన్నడగద్దు. వాళ్ళ ఊర్లో వాళ్ళు కట్టుకుంటామంటే తప్పంటానా? మా ఊర్లో మేం గూడా అదే గదా అడిగింది. కానీ నాకు పని గావల్ల. రెండూ నిజమే అక్కా. సంతకం నీది, నాది గాదు."

వాడు తువాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం బస్సెక్కేటప్పుడు కూడా రాలేదు.

ఏప్రిల్ 22

ఏమీ చేయలేదు.

ఏప్రిల్ 23

పద్దెనిమిది మంది కోసిగివాళ్ళు. రెండోసారి నేను తీసేసిన ఇరవై ఇద్దరు అక్కడివాళ్ళు. పద్దెనిమిది మంది ముఖాలు తెలుసు. ఇరవై ఇద్దరి చేతులు తెలుసు. ముఖాలు తెలియకపోవడం తేలిక అనుకున్నాను. చేతులు తెలిసినా కష్టమే.

ఏప్రిల్ 24

మూడోసారి చూడడం మొదలుపెట్టాను. ఈసారి జాబితా దగ్గర పెట్టుకోలేదు. ఏది ముందు పాస్, ఏది తర్వాత ఫెయిల్ అనేది చూడకుండా, ఒక్కొక్క ఫిల్ముకు ఐదు నిమిషాలు. ఏ చుక్క ఎంతవరకు చెల్లుతుందో రాసిన కోడ్ పుస్తకం తెరిచి, చుక్కను స్కేలుతో కొలిచి. పెద్దది చేయాల్సినంతే పెద్దది చేసి.

వేడికి గోడలు కూడా ఊపిరి తీస్తున్నట్టున్నాయి. మధ్యలో ఎక్కడో నేను కర్నూలులో లేను. ఏదో ఒడ్డున, ఉప్పుగాలిలో, ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేతులు చాపి చూపిస్తున్నారు. కాలిన మచ్చలున్న చేతులు. నేను పట్టుకుని చూసి వదిలేస్తున్నాను.

నలభై రెండు పాస్. పద్దెనిమిది ఫెయిల్. మొదటిసారి ఒకరిని పొరపాటున పాస్ చేశానని తేలింది. యాభై ఒకటో నంబరులో అడుగున పగులుంది. దాన్ని వదిలేసి ఉంటే మనుషులు కాలిపోయేవాళ్ళు. మళ్ళీ చూడమని సార్ అన్న మాటలో అంతవరకూ నిజం ఉంది. అది కూడా రాసుకోవాలి.

ఏప్రిల్ 26

పొద్దున తొమ్మిదికి సంతకం పెట్టి రిపోర్టు నేరుగా అక్కడి కంపెనీకి, గ్రేస్‌కు పంపాను. రెండో లెక్క నా తప్పని, దానికి నేనే బాధ్యురాలినని కింద రాశాను. పది గంటలకు ఆఫీసుకు పోయి సార్‌కు చెప్పాను.

సార్ చేతిలోని కాగితాలు పక్కకు జరిపాడు. బల్ల మీద టీ మీగడ కట్టింది. చెప్పకుండా ఎందుకు పంపావని అడిగాడు. చెబితే పంపలేనని భయపడ్డాను అన్నాను. అది నిజం.

"రాయలసీమకు ఎవురన్నా ఫ్యాక్టరీ తెచ్చిచ్చినారా? తేలేదు. అందుకే మనమే ఫ్యాక్టరీ యాడుంటే ఆడికి పోతాండాం. నేను చేసేది అదే గదమ్మా" అన్నాడు. గొంతు పెంచలేదు. "వాళ్ళకు గావాల్సింది పెట్రోలు. ఎవురు కడితే ఏమి? మనోళ్ళు పోతే రెండేండ్లలో నిలబెడతారు. వాళ్ళు నేర్చుకుంటా కట్టుకుంటే పదేండ్లు పడతాది. అన్నాళ్ళూ వాళ్ళు డబ్బాలు పట్టుకుని బంకు ముందర నిలబడల్ల."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. గేటు బందులకు నూనె రాసిన ముసలాయన గురించి చెప్పాలనుకున్నాను, కానీ అది గ్రేస్ మాట, నాది కాదు. నాకు తెలిసింది ఒక్కటే.

"వాళ్ళు నేర్చుకోవాల్సింది లేదు సార్. వాళ్ళకు వచ్చు. ఫిల్ములో ఉంది" అన్నాను.

ఆయన తల ఊపాడు, ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. నీ తమ్ముని పేరు గూడా ఉండాది గదమ్మా జాబితాలో అన్నాడు. ఉంది సార్ అన్నాను. ఎల్లుండి నుంచి రావద్దని ఆయన చెప్పలేదు. నేను ఆఫీసు తాళంచెవి బల్ల మీద పెట్టాను, ఆయన తీసుకున్నాడు.

మెట్లు దిగేటప్పుడు వాళ్ళు మళ్ళీ పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఒకాయన, కోడుమూరాయన అనుకుంటాను, వీసాలు ఎప్పుడొస్తాయి మేడం అని అడిగాడు.

మే 9

జాబితా తగ్గింది. ప్రత్యేకమైన ఇనుము అతికే సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు నలభై మంది మాత్రం పోతారు, ఎక్కువగా విశాఖవాళ్ళు. కోసిగి నుంచి ఎవరూ లేరు. ఏసేపుది మామూలు ఇనుము సర్టిఫికెట్.

మే 11

అమ్మ ఫోన్. జాబితా నావల్లే పోయిందని ఆఫీసులో ఎవరో అన్న మాట ఊరికి చేరిందట. చర్చిలో పక్కన ఎవరూ కూర్చోవడం లేదట. పెద్ద బాధగా చెప్పలేదు. కాళ్ళు చాపుకోవడానికి జాగా దొరికిందని నవ్వింది. మళ్ళీ కాసేపటికి, "ఏమి చేసినావో నాకు తెలీదు పాపా. ఏసేపు చెప్పల్యా. కానీ వాడు నిన్ను ఒక్క మాట గూడా అనల్యా, ఎవురన్నా అంటే ఆడ కూసోకుండా లేసి పోతాండాడు" అంది.

వాడితో మాట్లాడిస్తావా అని అడిగాను. ఇంట్లో లేడంది. వెనక వాడి దగ్గు వినిపించింది.

మే 30

గ్రేస్ ఫోటో పంపింది. నలభై రెండు మంది హెల్మెట్లు పెట్టుకుని. ఇరవై ఏడు ఎవరో గుర్తు పెట్టలేదు, నేనూ అడగలేదు. ఒక్కొక్క ముఖాన్నీ చూశాను. ఎవరైనా కావచ్చు.

పడుకుని ఫోన్‌ను ఛాతీ మీద పెట్టుకున్నాను. సంతోషంగా ఉందా అంటే, ఉంది. ఆ సంతోషం పక్కనే ఒక చక్రాల పెట్టె మూతపడి నిలబడి ఉంది.

జూన్ 17

తొలకరి. సి.క్యాంపు అంతా మట్టివాసన. కిటికీల నల్లగుడ్డ విప్పి ఉతికాను.

జూలై 22, కడప

మూడు నెలల పని దొరికింది. కడప అవతల కొత్తగా కడుతున్న ఒక ప్లాంటులో నీటి పైపుల ఫిల్ములు చూడాలి. లాడ్జి గదిలోంచి పాలకొండలు కనిపిస్తాయి. సాయంత్రం అవి నీలంగా మారి, కాసేపటికి ఉన్నాయో లేవో తెలియకుండా పోతాయి.

వెల్డర్లందరూ బీహారు, జార్ఖండ్ వాళ్ళు. చేతులు బాగున్నాయి. పాస్ చేశాను. గేటు బయట రోజూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కొందరు నిలబడి ఉంటారు. సుబ్బయ్య అనే ఆయన, ప్లాంటుకు రెండెకరాలు ఇచ్చినాయన, లోపల పని యాదన్నా ఉండాదామ్మా అని అడిగాడు. పరీక్ష పెట్టారా మీకు అన్నాను. ఏం పరీక్ష అన్నాడు.

ఇక్కడ పరీక్షే పెట్టలేదు. ఫెయిల్ చేయడానికి కూడా ఎవరూ పిలవలేదు వాళ్ళను.

సైటు ఇంజనీరుకు ఒక ఉత్తరం రాసి ఇచ్చాను, చుట్టుపక్కలవాళ్ళకు పరీక్ష పెట్టి చూడమని, ఫిల్ములు ఊరికే చదివి ఇస్తానని. తీసుకుని ఫైలులో పెట్టుకున్నాడు. లోపలున్న జార్ఖండ్ మనిషి ఒకతను రంజాన్ పండక్కి కూడా ఇంటికి పోలేదట. అతన్నీ తీసేయమని నేను అనగలనా? ఏది ఎవరు కట్టాలో చెప్పడానికి నేనెవరు. అతుకు ఎలా ఉందో చెప్పగలను. అంతవరకే నాకు వచ్చు.

ఆగస్టు 30

ఉత్తరానికి జవాబు లేదు. మళ్ళీ రాసి ఇచ్చాను.

సెప్టెంబరు 19

పదకొండు మందికి పరీక్ష పెట్టారు. ముగ్గురు పాస్. ముగ్గురే. నేనే చదివాను, ముగ్గురే అని నేనే రాశాను. సుబ్బయ్య కొడుకు ఫెయిల్. ఆయన గేటు దగ్గర నన్ను చూసి నమస్కారం పెట్టాడు, ఎందుకో అర్థం కాలేదు. సాయంత్రమంతా ఆ కొండలు నీలంగా మారడం చూస్తూ కూర్చున్నాను.

నవంబరు 17, కోసిగి

ఏసేపు ఈరోజు పోయాడు. బెంగళూరు దగ్గర ఒక రేకుల షెడ్డు పని, నాలుగు నెలలు. ప్రసన్నకుమారి, పిల్లలు అమ్మ దగ్గరే ఉంటారు. ఏడు నెలలుగా వాడు నాతో మాట్లాడలేదు. స్టేషనుకు వస్తానంటే వద్దని మాత్రం అనలేదు.

ప్లాట్‌ఫారం మీద సంచులు, అన్నం మూటలు, పలుగులు, ముసలివాళ్ళు. పక్కింటి ఉరుకుందు కుటుంబమంతా పత్తికి పోతోంది, తాళం వేసిన ఇంటి తాళంచెవి మా అమ్మకు ఇచ్చి. చర్చిలో ఆమె పక్కన కూర్చోనివాళ్ళే తాళంచెవులు ఆమెకు ఇస్తున్నారు. పట్టాల అవతల కందిచేలు పొద్దుటి మంచులో తేలుతున్నాయి. మేమందరమూ ఎవరి కలలోనో నిలబడి ఉన్నట్టు, మాటలు కూడా మెల్లగా వినిపిస్తున్నాయి.

గుంతకల్లు ప్యాసింజరు లేటు. ఏసేపు నా పక్కనే నిలబడ్డాడు, పట్టాల వైపు చూస్తూ.

"ఆడ పని మొదులుపెట్టినారా?" అన్నాడు.

ఎక్కడ అని అడగాల్సిన పని లేకపోయింది. పోయిన నెలే మొదలుపెట్టారని చెప్పాను.

"ఎండలా, వానలా ఆడ?"

సముద్రం పక్కన కదా, సంవత్సరంలో సగం వానలేనని గ్రేస్ చెప్పింది అన్నాను.

బండి వచ్చింది. తోసుకుంటూ ఎక్కాడు, లోపలినుంచి కిటికీ పక్కకు వచ్చాడు. చువ్వల మధ్యనుంచి వాడి ముఖం సగమే కనిపిస్తోంది. బండి కూత వేశాక చెప్పాడు.

"అక్కా, వాళ్ళకు ఒక మాట చెప్పు. వానల్లో పని చేసేటప్పుడు అతుకు మీద టార్పాలిన్ పట్ట కట్టుకోమను. కడ్డీలు పెట్టెలోనే వెచ్చగా పెట్టుకోమను. ఏసేకి ముందర పైపు బాగా కాగబెట్టల్ల. రోంత తడి ఉన్నా లోపల గాలి నిలబడతాది. మర్సిపోవద్దు."

బండి కదిలింది. నేను అక్కడే, జనం పక్కనుంచి పోతుంటే, ఫోన్ తీసి గ్రేస్‌కు రాశాను. వాడు చెప్పిన వరసలోనే రాశాను. ముందు పట్ట, తర్వాత కడ్డీలు, తర్వాత పైపు. ఇది చెప్పింది కోసిగి వెల్డరు ఏసేపు అని చివర రాసి పంపించాను.